సన్న టైరా, వెడల్పు టైరా: హైదరాబాద్ చుట్టుపక్కల తిరిగే ఆఫ్‌రోడ్ బండికి టైరు ఎంచుకునే పద్ధతి

థార్ కొన్నవాళ్లు, జిమ్నీ కొన్నవాళ్లు, పాత బొలెరోను పొలానికి తిప్పేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. టైర్లు అరిగాయి, కొత్తవి సన్నవి వేయాలా, వెడల్పువి వేయాలా? దుకాణంలో మాత్రం జవాబు సిద్ధంగా ఉంటుంది: "అన్నా, వెడల్పుది వేసుకో, లుక్కు వస్తది." లుక్కు వచ్చే మాట నిజమే. తాండూరు వైపు కంది చేల మధ్య బాటలో వాన పడ్డ మర్నాడు బండి దిగబడితే ఆ లుక్కుతో పని జరగదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెడల్పు అన్నది చివర తేల్చుకోవాల్సిన విషయం. మీరు తిరిగే నేల, టైరు ఎత్తు, గాలి, ఈ మూడూ తేలాక వెడల్పు ఎంత ఉండాలో దానంతటదే బయటపడుతుంది. హైదరాబాద్ నుంచి వంద, నూటయాభై కిలోమీటర్ల లోపు తిరిగే బండ్లలో ఎక్కువ వాటికి కంపెనీ ఇచ్చిన వెడల్పో, దానికి కాస్త అటూ ఇటో సరిపోతుంది.

1. ముందు మీ దారులు కాగితం మీద రాయండి

టైరు దుకాణానికి వెళ్లేముందు పోయిన ఏడాది బండి ఎక్కడెక్కడ తిరిగిందో గుర్తు చేసుకోండి. వెళ్లాలనుకుంటున్న చోట్లు కాదు, వెళ్లిన చోట్లు. మనాలీ, లడఖ్ కలలకు టైరు కొని, రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి దాని మీద తిరిగేవాళ్లు చాలామంది.

ఇవి రాసుకోండి:

- సిటీ, ఔటర్ రింగ్ రోడ్డు, హైవే కలిపి మొత్తంలో ఎంత వంతు
- మొరం రోడ్లు, ఎర్ర చల్కా నేలలు ఎంత
- నల్లరేగడి చేల మధ్య బాటలు ఉన్నాయా, వానాకాలంలో కూడా వెళ్తారా
- బండలు, రాళ్ల గుట్టలు ఎక్కుతారా
- వాగు ఇసుకలోకి దిగుతారా
- బండిలో మామూలుగా ఎంతమంది, ఎంత సామాను

తారు రోడ్డు వాటా పదిలో ఎనిమిది దాటితే టైరును మొదట తారు రోడ్డు కోసమే ఎంచుకోవాలి. ఆఫ్‌రోడ్‌లో కొరత పడేదాన్ని గాలి తగ్గించి చాలావరకు పూడ్చుకోవచ్చు. వానలో రింగ్ రోడ్డు మీద బండి జారితే పూడ్చుకునే దారి ఉండదు.

చెరువుల శిఖం భూముల్లోకి (నీళ్లు తగ్గాక తేలే చెరువు నేలల్లోకి), రిజర్వు అడవిలోకి బండి దించాలన్న ఆలోచన ఉంటే ఇక్కడే కొట్టేయండి. అనంతగిరి అయినా, నర్సాపూర్ అయినా అడవి శాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం.

2. టైరు గోడ మీద అంకెలు లెక్కగా మార్చండి

థార్‌కు కంపెనీ ఇచ్చే ఒక సైజు 255/65 ఆర్18. ఇందులో 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే గోడ (రిమ్ముకూ నేలను తాకే భాగానికీ మధ్య ఉండే పక్క భాగం) ఎత్తు, వెడల్పులో 65 శాతం. 18 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

మొత్తం ఎత్తు ఇలా లెక్కించాలి:

- గోడ ఎత్తు: 255 × 0.65 = సుమారు 166 మి.మీ.
- రెండు వైపుల గోడలు కలిపి: 331.5 మి.మీ.
- రిమ్ము: 18 × 25.4 = 457 మి.మీ.
- మొత్తం: సుమారు 789 మి.మీ.

అదే థార్‌కు వచ్చే మరో సైజు 245/75 ఆర్16. దీని గోడ 184 మి.మీ., మొత్తం ఎత్తు 774 మి.మీ. వెడల్పు 10 మి.మీ. తగ్గింది, గోడ 18 మి.మీ. పెరిగింది. రాళ్ల మీద, గుంతల్లో రిమ్మును కాపాడేది ఈ గోడే. గాలి తగ్గించినప్పుడు ఒదగడానికి చోటిచ్చేది కూడా ఇదే. పెద్ద రిమ్ము ఉంటేనే పై రకం బండి అనుకుంటాం కానీ, మట్టి దారిలో 16 అంగుళాల రిమ్మే మేలు.

సన్నది, వెడల్పుది నిజంగా పోల్చాలంటే ఎత్తు సమానంగా ఉన్న రెండు సైజులు తీసుకోవాలి. 235/85 ఆర్16 ఎత్తు 806 మి.మీ., 265/75 ఆర్16 ఎత్తు 804 మి.మీ. గోడలూ దాదాపు సమానమే. తేడా అంతా 30 మి.మీ. వెడల్పులోనే. ఇలాంటి జతను పక్కపక్కన పెట్టి ఆలోచిస్తేనే వెడల్పు వల్ల ఏం జరుగుతుందో తెలుస్తుంది. వెడల్పుతో పాటు ఎత్తూ పెరిగిన టైరు వేసుకుని, ఎత్తు వల్ల వచ్చిన మేలును వెడల్పు ఖాతాలో వేసేవాళ్లే ఎక్కువ.

3. నేల మీద టైరు ఎంత ఆనుతుందో మీరే కొలవండి

వెడల్పు టైరు నేలను ఎక్కువ తాకుతుంది అనుకుంటాం. గాలి ఒకటే అయినప్పుడు ఆ తేడా మనం అనుకున్నంత ఉండదు. బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే నేలను తాకే విస్తీర్ణం ఉజ్జాయింపుగా వస్తుంది. ఒక్కో చక్రం మీద 450 కిలోల బరువు, టైరులో 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి ఉంటే తాకే చోటు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. టైరు సన్నదైనా వెడల్పుదైనా ఇంచుమించు అంతే. ఆకారం మాత్రం మారుతుంది. సన్న టైరుకు అది పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. వెడల్పు టైరుకు పొట్టిగా, అడ్డంగా ఉంటుంది.

అదే బండిలో గాలి 18 పీఎస్‌ఐకి దించితే ఆ చోటు 350 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. 30 మి.మీ. వెడల్పు పెంచినా ఇంత మార్పు రాదు.

నమ్మకం కుదరకపోతే ఇంటి ముందు సిమెంటు నేల మీద చూడండి. రెండు విజిటింగ్ కార్డులు తీసుకుని ఒకటి టైరు ముందు నుంచి, ఇంకోటి వెనక నుంచి నేలకు ఆనించి లోపలికి నెట్టండి. రెండూ ఆగిపోయిన చోట వాటి మధ్య దూరం టేపుతో కొలవండి. తర్వాత గాలి 20కి దించి మళ్లీ కొలవండి. కార్డులు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. తాకే చోటు పక్కలకు కొద్దిగానే, ముందువెనకలకు బాగా పెరుగుతుంది. పట్టు పెంచేది ఎక్కువగా ఈ పొడవే. చక్రం తిరుగుతున్నంతసేపూ ట్రెడ్ గడులు (నేలను తాకే రబ్బరు దిమ్మెలు) వరసగా నేలను పట్టుకుంటూ పోతాయి.

4. మన నేలలకు ఏది నప్పుతుంది

ఈ భాగం నెమ్మదిగా చదవండి. నిర్ణయం ఇక్కడే జరుగుతుంది.

నల్లరేగడి. తాండూరు, జహీరాబాద్ వైపు వెళ్లేవాళ్లకు ఇదే అసలు పరీక్ష. ఈ బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, అంటుకుంటుంది, ఎండితే పగుళ్లిస్తుంది. మొదటి వాన పడ్డప్పుడు పైన రెండు మూడంగుళాలే మెత్తబడి, కింద గట్టిగా ఉంటుంది. అప్పుడు సన్న టైరు నాగలి కర్రులా పై బురదను కోసుకుంటూ దిగి, కింది గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పు టైరు పైనే తేలి పక్కకు జారుతుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రేగడి ట్రెడ్ గడుల సందుల్లో నిండిపోయి టైరు నున్నగా అయిపోతుంది. వీల్ ఆర్చ్‌లో (చక్రం పైనుండే వంపు గూడులో) కూడా పేరుకుంటుంది. వెడల్పు టైరు వేసి లోపల సందు లేకుండా చేసుకుంటే ఆ మట్టి చక్రాన్నే పట్టేస్తుంది. వారం రోజులు ముసురు పట్టాక రేగడి లోతుగా నానుతుంది. అప్పుడు కాస్త తేలే వెడల్పు టైరు కొంత నయం. కానీ ఆ రోజుల్లో ఏ టైరుతోనూ ఆ బాటలోకి పోవద్దనే చెబుతాను. రైతు బాట ఛిద్రమైపోతుంది, బండిని లాగడానికి ఆయన ట్రాక్టరే కావాల్సి వస్తుంది.

మొరం, ఎర్ర చల్కా. గట్టి నేల మీద సన్న గులకలు, ఇసుక పొర. వెడల్పు టైరు గులకల మీద దొర్లుతుంది. సన్న టైరు వాటిని పక్కకు తోసి కింది నేలను పడుతుంది. బ్రేకు వేసినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. బండి దడదడలాడితే మాత్రం వెడల్పు మార్చకండి, గాలి ఆరు నుంచి ఎనిమిది పీఎస్‌ఐ తగ్గించండి.

బండలు. హైదరాబాద్ చుట్టూ ఉన్నది గ్రానైట్. పొడిగా ఉంటే గరుకుగా ఉండి టైరును బాగా పట్టుకుంటుంది. వెడల్పు టైరుకు నిజంగా మార్కులు వేయాల్సిన చోటు ఇదే. గాలి తగ్గిస్తే బండ మీద ఎక్కువ గడులు ఆనుతాయి, పక్క వాలులో బండి నిలకడగా ఉంటుంది. కాకపోతే పగిలిన రాయి, క్వారీ ముక్కలు ఉన్నచోట రిమ్ము దాటి ఉబ్బిన గోడకు కోత పడుతుంది. గోడకు పడ్డ కోతకు ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే. అలాంటి చోట వెడల్పు ఎంత అని చూడకుండా గోడలో ఎన్ని పొరలున్నాయో అడగండి.

వాగు ఇసుక. వెడల్పు టైరు గెలుస్తుంది, సందేహం లేదు. మెత్తటి ఇసుకలో కింద అందుకోవడానికి గట్టి నేల ఉండదు, తేలాల్సిందే. అయితే సన్న టైరుకు గాలి సగానికి దించితే చాలా ఇసుకలు దాటేయవచ్చు. ఏడాదికి ఒకసారి ఇసుకలోకి దిగే మనిషి దాని కోసం ఏడాదంతా వెడల్పు టైరు మోయక్కర్లేదు.

దమ్ము చేసిన పొలం, పొలం గట్టు. కేజ్ వీల్ ట్రాక్టర్ దిగే చోట కారుకు పని లేదు. దిగవద్దు.

వానలో తారు రోడ్డు. టైరు వెడల్పైన కొద్దీ తన కింది నీళ్లను పక్కకు నెట్టడానికి ఎక్కువ కష్టపడుతుంది. నీళ్ల పొర మీద తేలే ప్రమాదం పెరుగుతుంది. ట్రెడ్ అరిగినా, గాలి తక్కువున్నా అది ఇంకా పెరుగుతుంది. రింగ్ రోడ్డు మీద జూలై వానలో, బురద దారుల కోసం చేసిన టైర్లతో పోయేవాళ్లు వేగం తగ్గించాలి. పొడి రోడ్డు మీద మలుపుల్లో, బ్రేకుల్లో మాత్రం వెడల్పు టైరు కాస్త మెరుగు.

సర్కారు తుమ్మ ముళ్లు. వీటి గురించి ఎవరూ చెప్పరు కానీ చెరువు కట్టల వెంబడి, బీడు భూముల్లో ఎక్కువ పంక్చర్లు వీటివల్లే. సన్నదా వెడల్పుదా అన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. ట్రెడ్ మందంగా ఉంటే ముల్లు లోపలి దాకా చేరదు. అరిగిన టైరుతో తుమ్మ పొదల్లోకి పోకండి, పంక్చర్ కిట్టు బండిలోనే ఉంచండి.

5. ఎత్తు ఎంతవరకు పెంచవచ్చు

టైరు ఎత్తు, వెడల్పుల్లో బండి కింద సందు పెంచేది ఎత్తు మాత్రమే. వెడల్పు పెంచితే నేల నుంచి యాక్సిల్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. ఎత్తు 30 మి.మీ. పెరిగితే యాక్సిల్ 15 మి.మీ. లేస్తుంది.

ఎత్తు పెంచితే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది. జిమ్నీ సొంత సైజు 195/80 ఆర్15, ఎత్తు 693 మి.మీ. దాని మీద 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 733.5 మి.మీ., అంటే 5.8 శాతం ఎక్కువ. మీటరు వంద చూపినప్పుడు బండి దాదాపు 106లో పోతుంటుంది. మీటర్లు సహజంగా కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి తేడా కొంత తగ్గొచ్చు, జీపీఎస్‌తో సరిచూసుకోండి. గేర్లు కూడా అంతే శాతం బరువెక్కుతాయి. ఘాట్ ఎక్కేటప్పుడు, "ఫోర్ లో" (నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే 4L) గేరులో నెమ్మదిగా దిగేటప్పుడు తేడా తెలుస్తుంది.

రెండు, మూడు శాతం దాటి పెంచవద్దని నా సలహా. ఆ పరిధిలో మీటరు, గేర్లు, ఏబీఎస్ పెద్దగా ఇబ్బంది పెట్టవు.

6. రిమ్ము ఒప్పుకుంటుందా

ఇక్కడే చాలామంది డబ్బులు పోతాయి. ప్రతి టైరు సైజుకూ ఇంత నుంచి ఇంత వెడల్పు రిమ్ము అని ఒక హద్దు ఉంటుంది. జిమ్నీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు. 215/75 ఆర్15 దాని మీద కూర్చుంటుంది. 235/75 ఆర్15కి కనీసం 6 అంగుళాల రిమ్ము కావాలి. "ఎక్కిస్తాం అన్నా, ఏం కాదు" అంటారు. ఎక్కుతుంది, నిజమే. కానీ ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు మధ్యలో ఉబ్బుతుంది, అంచులు నేలను సరిగ్గా తాకవు. మధ్య ట్రెడ్ ముందే అరిగిపోతుంది, మలుపుల్లో బండి ఊగుతుంది.

ఆఫ్‌సెట్, అంటే రిమ్ము లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో, అది కూడా చూడాలి. రిమ్ము బయటికి జరిగిన కొద్దీ వీల్ బేరింగ్ మీద, స్టీరింగ్ మీద భారం పెరుగుతుంది. గుంతలో పడ్డప్పుడు స్టీరింగ్ చేతిలోంచి గుంజుకుంటుంది. స్పేసర్లు (హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్లలు) పెట్టి సన్న టైరును బయటికి తెచ్చే పని అసలే వద్దు.

థార్ 18 అంగుళాల రిమ్ముతో ఉంటే, అదే బండికి కంపెనీ ఇచ్చే 16 అంగుళాల రిమ్ము, 245/75 ఆర్16 టైరు వేసుకోవడం మట్టి దారులకు మంచి మార్పు. ఒక రిమ్ము పెట్టి, బ్రేక్ కాలిపర్‌కు (చక్రం లోపలి బ్రేకు భాగానికి) తగలకుండా తిరుగుతుందో లేదో చూశాకే మిగతావి కొనండి.

7. చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988 లోని సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకు తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. కాబట్టి మీ మోడల్‌లో ఏదో ఒక వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన సైజుల్లోంచే ఎంచుకోవడం అన్నిటికన్నా క్షేమం. యూజర్ మాన్యువల్‌లో, డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లో ఆ సైజులు ఉంటాయి. దాన్ని దాటాలనుకుంటే ముందు బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఫెండర్ దాటి బయటికి పొడుచుకొచ్చిన టైరు బీమా సర్వేయర్ కంట్లో ముందే పడుతుంది.

8. దుకాణంలో చూడాల్సినవి

- లోడ్ ఇండెక్స్: సైజు పక్కన ఉండే అంకె. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు, 109 అంటే 1030 కిలోలు, 111 అంటే 1090 కిలోలు మోస్తుంది. కంపెనీ చెప్పినదాని కన్నా తగ్గకూడదు.
- స్పీడ్ అక్షరం: క్యూ అంటే గంటకు 160, ఎస్ అంటే 180, టీ అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు.
- తయారీ తేదీ: టైరు గోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటినవి వద్దనండి. ఐదు టైర్ల మీదా విడివిడిగా చూడండి.
- ఎల్‌టీ అని ఉందా: అది తేలికపాటి ట్రక్కుల రకం. గోడలు గట్టివి, బరువు ఎక్కువ. అంతే బరువు మోయడానికి దీనికి మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి. తలుపు స్టిక్కర్ అంకె సరిపోకపోవచ్చు, టైరు కంపెనీ పట్టిక అడగండి.
- ట్రెడ్ రకం: రోడ్డుకు హెచ్‌టీ, రెండింటికీ ఏటీ, బురదకు ఎంటీ. రేగడిలో తిరిగేవాళ్లకు గడుల మధ్య సందు ఎక్కువున్న ఏటీ చాలు. ఎంటీ టైరు రోజూ సిటీలో తిప్పితే రొద ఎక్కువ, తడి తారు మీద పట్టు తక్కువ.
- టైరు బరువు: తూకం వేయించండి. ఒక్కో చక్రానికి నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. ఆ బరువు పికప్‌లో, బ్రేకుల్లో, మైలేజీలో కనపడుతుంది.

స్టెప్నీ కూడా అదే సైజు కొనండి. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఒక చక్రం ఎత్తు వేరుగా ఉంటే, గట్టి నేల మీద ఫోర్ హైలో (4H, మామూలు వేగపు ఫోర్ వీల్ డ్రైవ్‌లో) పోయినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు పెట్టె) మీద ఒత్తిడి పడుతుంది.

9. బిగించిన రోజే తగులుడు పరీక్ష

ఒక జతే ముందు చక్రాలకు బిగించమనండి. డబ్బు కట్టేముందే ఈ వరసలో చూడండి:

1. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పండి. లోపల ఛాసిస్‌కు, సస్పెన్షన్ ఆర్మ్‌కు, బయట బంపర్ మూలకు ఒక వేలు దూరేంత సందైనా ఉండాలి.
2. ఒక ముందు చక్రాన్ని దిమ్మె మీదికో ర్యాంపు మీదికో ఎక్కించి, మళ్లీ పూర్తిగా తిప్పండి. నేల మీద తగలని టైరు సస్పెన్షన్ నొక్కుకున్నాక తగులుతుంది.
3. వీల్ ఆర్చ్ లైనర్ (ఆ గూడు లోపలి ప్లాస్టిక్ తొడుగు) లోపల తడి ఎర్రమట్టి పూయండి. గుంతల్లో నెమ్మదిగా ఓ చుట్టు తిరిగి వచ్చి చూడండి. మట్టి చెరిగిన చోట టైరు తగిలింది.
4. మనుషులు నిండుగా కూర్చున్నాక మూడో అంశం మళ్లీ చేయండి.

తగిలితే లైనర్ కోయించుకోవడం, బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ వేయడం అని మొదలవుతుంది. అక్కడిదాకా పోకుండా ఒక సైజు సన్నది తీసుకోండి.

10. గాలి: సుద్దముక్కతో సరైన అంకె పట్టుకోండి

కొత్త సైజుకు పాత గాలి అంకె సరిపోతుందనే హామీ లేదు. పొద్దున్నే, బండి కదలకముందు స్టిక్కర్ అంకె మేరకు గాలి పెట్టండి. ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సుద్దముక్కతో మందంగా ఒక గీత గీయండి. సమంగా ఉన్న రోడ్డు మీద నేరుగా పది ఇరవై మీటర్లు పోనిచ్చి దిగి చూడండి.

- గీత మధ్యలో చెరిగి అంచుల్లో మిగిలితే గాలి ఎక్కువైంది
- అంచుల్లో చెరిగి మధ్యలో మిగిలితే గాలి తక్కువైంది
- అంతటా ఒకేలా చెరిగితే సరిపోయింది

రెండేసి పీఎస్‌ఐ మారుస్తూ మళ్లీ గీయండి. ముందు చక్రాలకు, వెనక చక్రాలకు విడిగా చేయాలి. టైరు మోయాల్సిన బరువుకు కావాల్సిన కనీస గాలి కన్నా మాత్రం కిందికి దిగకూడదు. మే నెల మధ్యాహ్నం వేడిగా ఉన్న టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి, చల్లబడ్డాక తక్కువైపోతుంది.

మట్టిలోకి దిగేముందు తగ్గించాల్సిన లెక్క, స్టిక్కర్ మీద 32 ఉన్న బండికి:

- మొరం, గతుకుల రోడ్డు: 24 నుంచి 26
- బండలు, పై పొర బురద: 19 నుంచి 21
- మెత్తటి ఇసుక: 16 దాకా

జిమ్నీ లాంటి తేలిక బండికి స్టిక్కర్ అంకె తక్కువగా ఉంటే శాతం లెక్కన తగ్గించండి: మొరానికి పావు వంతు, బండలకు మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, ఇసుకకు సగం. ఏ బండికైనా 15 కన్నా కిందికి దించితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి బాగా తగ్గించాక వేగం 30, 40 దాటకూడదు, ఒక్కసారిగా స్టీరింగ్ కోయకూడదు. తారు రోడ్డు ఎక్కేముందే గాలి నింపాలి. బ్యాటరీకి క్లిప్పులు పెట్టే కంప్రెసర్, మంచి గేజ్, ఈ రెండూ కొనకుండా వెడల్పు టైర్ల మీద డబ్బు పెట్టవద్దు.

11. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణలు

వెడల్పు టైరు వేశాక స్టీరింగ్ బరువెక్కింది, బండి పక్కకు లాగుతోంది. ముందు గాలి చూడండి, తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. తారు మీద చక్రాల గాడులు పడ్డ చోట వెడల్పు టైరు ఆ గాడి వెంట పోవడం మామూలే. అలైన్‌మెంట్‌తో అది పూర్తిగా పోదు.

మైలేజీ పడిపోయింది. టైరు ఎత్తు పెరిగితే ఓడోమీటర్ కూడా తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. ముందు ఆ శాతం కలిపి లెక్కించండి. మిగిలినదే నిజమైన తగ్గుదల.

బురదలో చక్రం ఊరికే తిరుగుతోంది. యాక్సిలరేటర్ వదిలేయండి. ఎంత తిప్పితే అంత లోతుకు దిగబడుతుంది. సన్న టైరుకు ఇది మరీ నిజం, అది తేలికగా గొయ్యి తవ్వుతుంది. గాలి ఇంకా తగ్గించి, చక్రం ముందు మట్టి పారతో తీసి, వచ్చిన గాడిలోనే వెనక్కి రావడానికి చూడండి.

ముందు రెండు వెడల్పువి, వెనక రెండు సన్నవి. డబ్బు చాలక కొందరు చేసే పని. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఇది ఎప్పుడూ చేయకూడదు. రెండు టైర్లకే డబ్బుంటే పాత సైజులోనే రెండు కొనండి.

12. మొదటి వెయ్యి కిలోమీటర్లు

- వంద కిలోమీటర్లకు వీల్ నట్లు మళ్లీ బిగించాలి. టార్క్ రెంచ్ ఉన్న చోటే చేయించండి, అంకె మాన్యువల్‌లో ఉంటుంది.
- మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగపు మలుపులు వద్దు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది.
- ప్రతి మట్టి దారి తర్వాత లోపలి గోడ చేత్తో తడిమి చూడండి. కోతలు, ఉబ్బులు ఎక్కువగా మనకు కనపడని లోపలి వైపే ఉంటాయి.
- గడుల సందుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లను స్క్రూడ్రైవర్‌తో తీసేయండి.
- ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో కలిపి ఐదు టైర్లనూ చోటు మార్పించండి.
- ట్రెడ్ లోతు చట్ట ప్రకారం 1.6 మి.మీ. దాకా ఉంటే చాలు. మట్టిలో తిరిగే టైరును 4 మి.మీ. దగ్గరే మార్చండి. అంతకన్నా తగ్గితే రేగడి నిండడానికి ఒక్క చుట్టు చాలు.